కోడలి హాజరు పట్టీ

నూలు మిల్లు గేటు దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చుని, ఎవరు వేళకి వచ్చారు, ఎవరు రాలేదు, రానివాళ్ళు చెప్పిన కారణంలో నిజమెంత అని తేల్చిన మనిషికి, రిటైరయ్యాక తేల్చడానికి ఇంట్లో కోడలు ఒక్కతే మిగిలింది. మిల్లులో ఆవిణ్ణి అందరూ గంటమ్మ అనేవాళ్ళు. గంట కొట్టేది ఆవిడ కాదు. కానీ గంట మోగాక ఒక్క నిమిషం దాటితే గేటు మూయించేది మాత్రం ఆవిడే. ఆ పేరు ఆవిడ వెంటే ఇంటికొచ్చేసింది.

జబ్బు వంక పెట్టేవాళ్ళని పట్టుకోవడంలో గంటమ్మది అందెవేసిన చెయ్యి. కడుపునొప్పి అని వచ్చినవాడు మాటల్లో పడి ఏ పక్క పట్టుకున్నాడో మరిచిపోతాడని ఆవిడకి తెలుసు. జ్వరం అన్నవాడు గేటు దాకా చంకలో ఏం పెట్టుకొచ్చాడో వాసన చూసి చెప్పేది. నిజమైన జబ్బుకి వేళాపాళా ఉండదనీ, వేళ చూసుకుని వచ్చేది నాటకమేననీ ఆవిడ సిద్ధాంతం. ఆ ఒక్క సిద్ధాంతంతో ఎంతమంది జీతాలకి కోత పెట్టించిందో లెక్కలేదు.

కోడలు ఆడపిల్లల బళ్ళో డ్రిల్లు టీచరు. పొడుగ్గా, గట్టిగా, వెదురుబొంగులా ఉండేది. చదువుకునే రోజుల్లో పరుగు పందేలు గెలిచింది. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది కాబట్టి పిల్లలు ఈల టీచర్ అంటారు. కొడుకు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోని పనివాడు. ఇంట్లో మాత్రం గోడమీద పిల్లి. తల్లి మాటకి తల్లి దగ్గర ఊఁ అంటాడు, పెళ్ళాం మాటకి పెళ్ళాం దగ్గర ఊఁ అంటాడు.

గంటమ్మకి కోడలంటే గిట్టకపోవడానికి కారణం ఒక్కటే. మూడేళ్ళలో రెండుసార్లు ఆ పిల్లకి కడుపు నిలవలేదు. మొదటిది మూడో నెలలో పోయింది. రెండోది ఐదో నెలలో. కడుపుతో ఉండి మైదానంలో గెంతులేస్తే ఏ బిడ్డ నిలుస్తుందని గంటమ్మ అంది. ఒకసారి కాదు, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ అంది. కోడలు మొదట్లో ఏదో చెప్పబోయేది. తర్వాత మానేసింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే మిగిలాయి, అవీ ముళ్ళలాంటివి.

అలాంటి ఇంట్లోకి ఈ కొత్త వ్యవహారం వచ్చింది. పొద్దున్నే కోడలు డబ్బా మూత తియ్యలేకపోయేది. వేళ్ళు ముడుచుకోవనేది. చన్నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళ చివర్లు సున్నం రాసినట్టు తెల్లబడిపోయేవి. పది గంటలయ్యేసరికి అన్నీ సర్దుకునేవి, బడికి వెళ్ళిపోయేది. ఇంటి పనికి పట్టు, బడి పనికి విడుపు అనుకుంది గంటమ్మ. సాయంత్రం వచ్చి ఒళ్ళు వెచ్చగా ఉందని పడుకునేది. బుగ్గలు, ముక్కు మీద ఎర్రగా కమిలేది. ఏదో రంగు పూసుకుందని గంటమ్మ అనుమానం. ఒకరోజు తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమంది. కోడలు గుడ్డ తీసుకుని, అత్తగారి కళ్ళలోకి చూస్తూ చర్మం మండేదాకా రుద్ది, తెల్లగానే ఉన్న గుడ్డని ఆవిడ ఒళ్ళో పడేసి వెళ్ళింది.

ఆ రోజే గంటమ్మ పెట్టెలోంచి మిల్లు రోజుల నాటి ఖాళీ హాజరు పట్టీ ఒకటి తీసింది. నిలువు గళ్ళల్లో తారీఖులు, అడ్డగళ్ళల్లో కోడలి వేషాలు. వేళ్ళు పట్టేస్తే ‘వే’, జ్వరమంటే ‘జ్వ’, ఎరుపు కనిపిస్తే ‘ఎ’, నోట్లో పుండని తినకపోతే ‘నో’, జుట్టు దువ్వెనకి కుచ్చులుగా వస్తే ‘జు’. పక్కనే ఆ రోజు కోడలు ఎక్కడికెళ్ళింది, ఏం పని చేసింది, ఎప్పుడు లేచింది అన్నీ రాసేది. గళ్ళు నిండాక కొడుకు ముందు పెట్టి, నీ పెళ్ళాం నాటకం ఇదిగో అని చూపించాలని. మిల్లులో పదిహేనేళ్ళ సర్వీసున్నవాణ్ణి ఇలాంటి పట్టీతోనే ఇంటికి పంపించింది.

ఈ లోపల కొడుకు ముగ్గురు డాక్టర్లకి చూపించాడు. చర్మం డాక్టరు ఒంటికి ఎండ పడటం లేదని పూత మందు ఇచ్చాడు. ఎముకల డాక్టరు పనిభారమని నొప్పి బిళ్ళలిచ్చాడు. మూడో ఆయన రక్తం తక్కువగా ఉందని టానిక్కు రాసి, మనసులో ఏమైనా దిగులుందా అనడిగాడు. ముగ్గురూ ఏమీ తేల్చలేదంటే ఏమీ లేదనేగా అర్థం అని గంటమ్మ లోలోపల సంతోషించింది. పట్టీలో ఆ మూడు తారీఖులూ రాసి పక్కన ‘ఏమీ లేదు’ అని పెట్టింది.

నాలుగు నెలలు తిరిగేసరికి ఒక శనివారం ఆటల పోటీల రిహార్సల్లో కోడలు మైదానం మధ్యలో కుప్పకూలింది. బడి హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. కోడలు ఎలా ఉందో చెప్పకుండా, రెండు వందల మంది పిల్లల వరస చెదిరిపోయిందని చెప్పాడు. అంతకుముందు వారమే కోడలు నీడలో నిలబడి పని చేస్తానని అడిగితే ఆయన, డ్రిల్లు టీచరుకి ఎండ పడదనడం వంటవాడికి పొయ్యి పడదన్నట్టుందని స్టాఫ్‌రూములో అందరూ వినేలా అన్నాడు. అందరూ నవ్వారు.

దుకాణానికి వచ్చే ఒకావిడ చెబితే కొడుకు పెద్దాసుపత్రిలో కీళ్ళవాతం చూసే డాక్టరమ్మ దగ్గర చీటీ రాయించాడు. నేనూ వస్తానంది గంటమ్మ. కోడలు వద్దంది. గంటమ్మ చెప్పులేసుకుని బయట నిలబడింది. ఆవిడ చేతిసంచీలో పట్టీ ఉంది.

డాక్టరమ్మ చిన్నవయసుది. నవ్వు మొహం కాదు. బయట యాభై మంది ఉన్నారని ఆవిడ మొహంలోనే తెలుస్తోంది. కోడలు చెప్పడం మొదలుపెట్టింది కానీ ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్ళున్నాయి అంటే సరిగ్గా చెప్పలేకపోయింది. వస్తాయి, పోతాయి అంది. ఆ మాట కోసమే కాచుకున్నట్టు గంటమ్మ సంచీలోంచి పట్టీ తీసి బల్లమీద పెట్టింది.

"ఎప్పుడొస్తాయో, ఎప్పుడు పోతాయో ఇందులో ఉంది. మీరే చూసి చెప్పండి, ఇది జబ్బో, వేషమో."

కోడలు తల తిప్పి ఆ పట్టీని మొదటిసారి చూసింది. కొడుకు మొహంలో నెత్తురు చుక్క లేదు.

డాక్టరమ్మ పట్టీ తెరిచింది. మొదటి పేజీ విసుగ్గానే చూసింది. రెండో పేజీ దగ్గర కుర్చీ ముందుకి జరుపుకుంది. గుర్తులకి అర్థం అడిగింది. గంటమ్మ ఒక్కొక్కటే చెప్పింది. డాక్టరమ్మ పెన్ను తీసి శనివారాల కింద గీతలు గీసింది. తలుపు తీసిన నర్సుని చేత్తోనే బయటికి పంపింది. పావుగంట అలా చూసింది.

శనివారాలు పొద్దున్నించీ మైదానంలో ఉంటారా అని కోడల్ని అడిగింది. ఉంటానంది. సోమ, మంగళవారాలకల్లా జ్వరం, వేళ్ళు, ఎరుపు, నోట్లో పుండ్లు అన్నీ ఒకేసారి వస్తున్నాయంది. పట్టీలో ఒకచోట వేలు పెట్టి, ఈ పది రోజులూ ఒక్క గుర్తూ లేదేమని అడిగింది. ముసురు పట్టిందనీ, బడికి సెలవిచ్చారనీ, ఇంట్లో కూర్చోబెట్టి పెడితే జబ్బెందుకొస్తుందనీ గంటమ్మ జవాబిచ్చింది.

"ఎండ లేదు కాబట్టి రాలేదు," అంది డాక్టరమ్మ. "ఇది రాసింది మీరేనా?"

"నేనే."

"ఎందుకు రాశారు?"

"దొంగని పట్టుకుందామని."

"ఉద్దేశం ఎంత చెడ్డదైనా పని మాత్రం బాగా చేశారు. ముగ్గురు డాక్టర్లకి తలో ముక్కా కనబడింది. అన్ని ముక్కలూ ఒకచోట ఉన్నది ఈ పుస్తకంలోనే."

తర్వాత ఆవిడ కోడలివైపు తిరిగి మాట్లాడింది. గంటమ్మ అసలు ఆ గదిలో లేనట్టే. ఇది లూపస్ అయి ఉండొచ్చంది. రోగాల మీద పోరాడవలసిన ఒంట్లోని బలగం సొంత ఒంటి మీదే తిరగబడుతుందనీ, కంచే చేను మేసినట్టనీ చెప్పింది. ఇవాళ కీళ్ళ మీద పడుతుంది, రేపు చర్మం మీద. చూసుకోకపోతే మూత్రపిండాల మీద, గుండె మీద. అంటువ్యాధి కాదు. పూర్తిగా పోదు, కానీ అదుపులో ఉంటుంది. ఏ ఒక్క పరీక్షా దీన్ని తేల్చదు. రక్తం, మూత్రం, ఒంటిమీది గుర్తులు, అవి వచ్చిపోయిన తీరు, అన్నీ కలిపి చూడాలి. ఒక్క ఎండే దీన్ని తేదు గానీ, ఉన్నదాన్ని రెచ్చగొడుతుంది.

చీటీ మీద పరీక్షలు రాస్తూ రాస్తూ, గర్భాలేమైనా పోయాయా అని అడిగింది. కోడలు రెండు అంది. ఎన్నో నెలలో అనడిగి, డాక్టరమ్మ ఇంకో పరీక్ష చేర్చింది. ఈ జబ్బుతోపాటు కొందరికి రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువవుతుందనీ, అలాంటివాళ్ళకి గర్భం నిలవకపోవచ్చనీ చెప్పింది. రక్తం చూశాకే ఏమైనా అనగలననీ, మూడు నెలలాగి మళ్ళీ చేస్తేనే ఖాయంగా చెప్పగలననీ అంది.

కోడలు అడిగింది. "గెంతితే పోతుందా డాక్టరుగారూ?"

"గెంతారా?"

"లేదు. ఆ రెండుసార్లూ కుర్చీలో కూర్చునే ఈల ఊదాను."

"మరి గెంతానని ఎవరన్నారు?"

కొడుకు నేలచూపులు చూశాడు. గంటమ్మకి ఆ కుర్చీ సంగతి ఇప్పుడే తెలిసింది. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రతివాడినీ ఎక్కడున్నావు, ఏం చేశావు అని నిలదీసిన మనిషి, ఈ పిల్లని ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

పరీక్షలన్నీ వచ్చాయి. లూపస్సే అన్నారు. రక్తం సంగతి కూడా మూడు నెలల తర్వాత ఖాయమైంది. ఆ కాగితం కోడలు భోజనాల బల్ల మీద, అత్తగారి కంచం పక్కన పెట్టింది. చదవమని అనలేదు. గంటమ్మ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, మడిచి, కంచం కింద పెట్టి, భోజనం చెయ్యకుండా లేచిపోయింది. తప్పయిందనే మాట ఆవిడ నోట ఎన్నడూ పలికింది కాదు. నాలుక దాకా వచ్చింది. అక్కణ్ణించి బయటికి దారి తెలియలేదు. పట్టీని కోడలు తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. దాన్ని మళ్ళీ ముట్టుకుంటే ఊరుకోనని మొగుడితో చెప్పించింది.

రోజూ వేసుకునే బిళ్ళలు, అవి చూపుని దెబ్బతియ్యకుండా ఏడాదికోసారి కంటి పరీక్ష. కొన్నాళ్ళు స్టెరాయిడ్లు. బయటికెళ్తే పొడుగు చేతుల చొక్కా, అంచున్న టోపీ, మొహానికి పూత. నెలనెలా రక్తం, మూత్రం. ఇదంతా కోడలు మొదట్లో బుద్ధిగానే చేసింది. వేళ్ళు విడివడ్డాయి. జ్వరం తగ్గింది. కానీ స్టెరాయిడ్లకి మొహం గుండ్రంగా ఉబ్బింది. చెంపలు నిండి కళ్ళు చిన్నవయ్యాయి. హెడ్మాస్టరు సెలవు చీటీ మీద సంతకం పెట్టకుండా పక్కన పడేసి, ఇంత నిండుగా ఉన్న రోగిని తన సర్వీసులో చూడలేదన్నాడు. పిల్లలు ఈల టీచర్ అనడం మానేసి బెలూన్ టీచర్ అన్నారు. అది ఆవిడ చెవిన పడింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం గంటమ్మ అల్మారా తుడుస్తూ మందుల అట్టలు చూసింది. చూస్తే లెక్కపెట్టకుండా ఉండలేని మనిషి. స్టెరాయిడ్ బిళ్ళలు పదిహేడు ఎక్కువున్నాయి. అంటే పదిహేడు రోజులుగా వేసుకోవడం లేదు. అట్టలు పట్టుకెళ్ళి కోడలి ముందు పెట్టి, హఠాత్తుగా మానకూడదని డాక్టరమ్మ చెప్పలేదా అని అడిగింది.

కోడలు బట్టలు మడతపెడుతోంది. మడత ఆపలేదు.

"నా ఒళ్ళు మీకు మిల్లు గేటనుకున్నారా? లోపలికి ఏం వెళ్తోందో, బయటికి ఏం వస్తోందో లెక్కలు రాసుకోడానికి?"

"ఆ లెక్క వల్లేగా జబ్బు తేలింది."

"తేలింది. దొంగని పట్టుకుందామని వెళ్ళారు. నేను చావకపోతే అది మీ గొప్పా? రెండుసార్లు నా బిడ్డ పోయింది. రెండుసార్లూ ఇంటికొచ్చినవాళ్ళందరికీ నేనే చంపానని చెప్పారు. ఇన్నేళ్ళూ అదే నిజమనుకుని బతికాను అత్తయ్యా. కుర్చీలో కూర్చున్నదాన్ని, ఎప్పుడైనా తెలియకుండా లేచానేమోనని రోజూ గుర్తుచేసుకునేదాన్ని. ఇప్పుడు బిళ్ళలు లెక్కపెట్టి మంచివాళ్ళయిపోదామని చూడకండి."

గంటమ్మ అట్టలు అక్కడే వదిలి వచ్చేసింది. తుడిచిన అల్మారానే మళ్ళీ తుడిచింది. కోపమో మరోటో ఆవిడకే తెలియలేదు.

మరో వారానికి కోడలు బడి నుంచి వచ్చి మేజోళ్ళు విప్పితే, చీలమండ పైన మేజోడు అంచు లోతుగా అచ్చు పడి కనిపించింది. పొద్దున్న లేచేటప్పటికి కళ్ళ కింద సంచులు. గంటమ్మ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పదని తెలుసు. వీధి చివరికి వెళ్ళి ఆసుపత్రికి ఫోన్ చేసి, కాళ్ళకి నీరు పట్టిందనీ, మందు మానేసి ఇరవై నాలుగు రోజులైందనీ చెప్పింది. ఆ రోజే తీసుకురమ్మన్నారు. ఇంటికొచ్చి కొడుకుతో చెబితే, కోడలు వినేసింది. చాడీలు చెప్పడం ఈవిడకి పుట్టుకతో వచ్చిన విద్య అంది. ఎక్కడికీ రానంది. తలుపేసుకుంది.

అప్పుడు గోడమీద పిల్లి గోడ దిగింది. కొడుకు తలుపు దగ్గర నిలబడి, అమ్మ సంగతి తర్వాత చూద్దాం, అమ్మ మీద కోపంతో నువ్వు నీ ఒళ్ళు కాల్చుకుంటే నేనేమైపోవాలి అన్నాడు. అతను అంత పొడుగు మాట అనడం ఇంట్లో ఎవరూ వినలేదు. తర్వాత తల్లివైపు తిరిగి, నువ్వు మాతో రావద్దు అన్నాడు. అదీ ఎవరూ వినని మాటే.

మూత్రంలో ప్రోటీన్ పోతోంది. మూత్రపిండంలోంచి సూదితో ముక్క తీసి చూశారు. జబ్బు అక్కడికి చేరింది గానీ ఇంకా ముదరలేదన్నారు. ఇంకో నెల ఆలస్యమైతే వేరే మాట చెప్పేవాళ్ళం అని డాక్టరమ్మ మొహమాటం లేకుండా కోడల్ని చీవాట్లు పెట్టింది. మొహం ఉబ్బు మోతాదుతోపాటు తగ్గుతుందనీ, ఆ మోతాదు తగ్గించేది తనేననీ, నువ్వు కాదనీ చెప్పింది. మరో గట్టి మందు చేర్చింది. ఆ మందు వాడినన్నాళ్ళూ గర్భం రాకుండా చూసుకోవాలంది. పదకొండు రోజులు కోడలు ఆసుపత్రిలో ఉంది. గంటమ్మ రోజూ భోజనం కట్టి పంపేది. డబ్బా ఒక్కోరోజు ఖాళీగా వచ్చేది, ఒక్కోరోజు తెరవకుండా వచ్చేది.

బడిలో గొడవ కోడలు ఒంటరిగానే పడింది. ఆసుపత్రి ఇచ్చిన ఉత్తరం పట్టుకుని హెడ్మాస్టరు గదికి వెళ్ళింది. ఆయన చదవకుండా, ఎండ పడనివాళ్ళు వేరే ఉద్యోగం చూసుకోవచ్చన్నాడు. అదే మాట కాగితం మీద రాసివ్వమంది. ఆయన రాయలేదు. అయితే రాసేదాకా కూర్చుంటానని కుర్చీ లాక్కుని కూర్చుంది. మూడు పీరియడ్లు అలాగే కూర్చుంది. పక్క గదిలో పిల్లలు, టీచర్లు కిటికీలోంచి చూశారు. ఆఖరికి ఆయన రాసింది ఏమిటంటే, మైదానం పని పొద్దున్న ఎండెక్కకముందు, మిగతా పీరియడ్లు లోపలి హాల్లో. సంతకం పెడుతూ, ఇలాంటి మనుషులతో బడి ఎలా నడుస్తుందో అని గొణిగాడు. స్టాఫ్‌రూములో ఆవిడతో మాట్లాడేవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఫర్వాలేదు, ఇద్దరు చాలంది కోడలు.

ఎనిమిది నెలలు గడిచాయి. పరీక్షకి వెళ్ళాల్సిన రోజు కొడుకు దుకాణం వదిలి రాలేకపోయాడు. ఒక్కదాన్నే వెళ్తానంది కోడలు. సూదులు పొడిచిన రోజున తల తిరుగుతుంది కాబట్టి ఎవరో ఒకరుండాలని డాక్టరమ్మ ముందే అంది. గంటమ్మ చెప్పులేసుకుంది. ఈసారి చేతిసంచీ తీసుకోలేదు. ఆసుపత్రిలో గదిలోకి రమ్మని ఎవరూ అనలేదు, ఆవిడ బయట బల్ల మీదే కూర్చుంది.

కోడలు బయటికొచ్చి, ప్రోటీన్ పోవడం దాదాపు ఆగిందని చెప్పింది. మొహం చాలావరకు పాత మొహమైంది. గట్టి మందుని వచ్చే ఏడు నెమ్మదిగా మారుస్తారట. ఆ తర్వాత ఆర్నెల్లు జబ్బు నిద్రపోతే, తగిన మందులతో, డాక్టర్ల పర్యవేక్షణలో, బిడ్డ సంగతి ఆలోచించవచ్చన్నారట. ఇదంతా చెప్పి ఆగింది.

"దీని గురించి మీరు ఒక్క మాట మాట్లాడకూడదు అత్తయ్యా. కావాలనుకున్నా, వద్దనుకున్నా, నిలిచినా, పోయినా. నాతో గానీ, ఇంకొకరితో గానీ."

"మాట్లాడను."

"మాట్లాడితే వేరే ఇల్లు చూసుకుంటాం. ఆయన ఒప్పుకున్నాడు."

"మాట్లాడనన్నాగా."

బస్సు నిండుగా వచ్చింది. రెండు సీట్ల వరస ఒక్కటే ఖాళీ, అందులో కిటికీ పక్కన మిట్టమధ్యాహ్నపు ఎండ సూటిగా పడుతోంది. తెర లేదు. గంటమ్మ కోడల్ని దాటుకుని ముందుకెళ్ళి, కిటికీ పక్కన ఎండలో కూర్చుంది. కాలుతున్న రేకు భుజానికి తగిలి ఒకసారి ఉలిక్కిపడి, మళ్ళీ సర్దుకుంది. కోడలు కాసేపు నిలబడే ఉంది. వెనకవాళ్ళు తోశాక, టోపీ కిందికి లాక్కుని నీడలో ఉన్న సీట్లో కూర్చుంది.

"ఇలాంటివి చేస్తే నేను మరిచిపోతాననుకోకండి," అంది, ముందుకే చూస్తూ.

"మరిచిపొమ్మని అడిగానా?" అంది గంటమ్మ.

బస్సు కదిలింది.